ఎడారిలో ముందు సీటు

ఆ రోజుల్లో మా వైపు మనిషి స్థాయి తెలుసుకోవాలంటే అతని ఇల్లూ పొలమూ చూడనక్కర్లేదు, జీపులో ఎక్కడ కూర్చున్నాడో చూస్తే చాలు. ముందు సీటు పెద్దమనిషిది. వెనక కూర్చున్నవాళ్లు ఆయన మనుషులు. డ్రైవరు లెక్కలోకి రాడు. (ఇప్పుడు మారిందా అని అడగకండి. జీపులు పోయి ఖరీదైన కార్లు వచ్చాయి, అంతే.) ప్రొద్దుటూరులో పుట్టి పెరిగిన నేను తొలిసారి పనికోసం కువైట్ పోతూ, పెట్టెలో ఊరగాయ, రాగిపిండితో పాటు ఈ జ్ఞానాన్ని కూడా మోసుకుపోయాను. విమానాశ్రయంలో ఎవరూ పట్టుకోలేదు.

మా గదిలో ఉన్నవాళ్లంతా కడప జిల్లావాళ్లే కాబట్టి పరాయి దేశం వచ్చామన్న సంగతి కొన్నాళ్లు నాకు తెలియనే లేదు. ఎండ కూడా మన ఎండలాగే ఉండేది. పొద్దున్నే కంపెనీ వ్యాను వచ్చి మమ్మల్ని కట్టడాల దగ్గరికి తీసుకుపోయేది. మొదటిరోజే పులివెందుల అన్న, జమ్మలమడుగు మామ ఇద్దరూ ముందు తలుపు పట్టుకున్నారు. "ఏందప్పా, నేనుండగా నువ్వు ముందర కూర్చుంటావా?" అని అన్న. "యాడన్నా రాసిచ్చినారా నీకు ఈ సీటు?" అని మామ. వ్యాను కదల్లేదు. మా ఫోర్‌మన్ ఈజిప్టు మనిషి. ఏదో రక్తపాతం జరుగుతోందనుకుని పరుగెత్తుకొచ్చాడు. సంగతి తెలిశాక ఆకాశం వైపు ఒకసారి చూసి, అందరికంటే చిన్నవాణ్ణయిన నన్ను పిలిచి, వచ్చీరాని హిందీలో "నువ్వెక్కు" అన్నాడు. ఇద్దరిలో ఎవరూ ఓడిపోలేదు గనుక ఇద్దరూ ఒప్పుకున్నారు.

నా తల అమాంతం పెరిగిపోయింది. నల్లకళ్లద్దాలు పెట్టి, మోచేయి కిటికీ బయటికి వేసి, ఫొటో తీయించుకుని నాయనకు పంపాను. బట్టల అంగట్లో పనిచేసే మా నాయన ఆ ఫొటో చూపించనివాడు ప్రొద్దుటూరులో మిగల్లేదట. "మావోనికి ముందర సీటిచ్చినారు, శానా పెద్ద పోస్టు," అని చెప్పుకున్నాడు. పెద్ద పోస్టు ఏమిటో నాకు మరుసటి వారానికి అర్థమైంది. ముందు కూర్చున్నవాడే ప్రతి గేటు దగ్గరా దిగి, కాగితాలు చూపించి, కాలిపోతున్న ఇనుప గేటును తువ్వాలుతో పట్టి లాగి, వ్యాను లోపలికి పోయాక మూసి, పరుగున వచ్చి ఎక్కాలి. పైగా ముందువైపు ఏసీ పాడైంది, వెనక మాత్రం భేషుగ్గా పనిచేసేది. నా ముక్కు తోలు ఊడిపోయింది. వెనక నిద్రపోతున్న జమ్మలమడుగు మామ ఒక కన్ను తెరిచి, "కాలుతాందా అబ్బీ? మర్యాదంటే అట్లే ఉంటాది," అని మళ్లీ మూసుకునేవాడు.

ఆ ఎండలోంచి బయటపడితే చాలని రోజూ దేవుళ్లందరికీ మొక్కుకునేవాణ్ణి. మొక్కు ఫలించింది. స్టోరు చూసుకునేవాడు స్వదేశం వెళ్లిపోతున్నాడనీ, రేపటినుంచి ఆ చల్లటి గదిలో కూర్చునే పని నాదేననీ ఫోర్‌మన్ చెప్పాడు. ఆయన చేతులు కళ్లకద్దుకోబోయాను. అంతలో అనుమానం వచ్చి, "మరి వ్యాన్లో నా సీటు?" అన్నాను. "ఎవడో కూర్చుంటాడులే. నువ్వు స్టోరు బస్సులో వెనక కూర్చుని రా." తిరిగి చూస్తే, పులివెందుల అన్న అప్పటికే తువ్వాలుతో ముందు సీటు దులుపుతున్నాడు. "పో అబ్బీ, సల్లగా కూచోపో. ఈ కష్టమేందో నేను పడతాలే," అన్నాడు, ప్రజలకోసం ప్రాణమిచ్చే నాయకుడిలా మొహం పెట్టి. మా నాయన, ఆయన చేతిలోని ఫొటో నా కళ్ల ముందు మెదిలాయి.

"స్టోరు వద్దు సార్," అన్నాను.

ఫోర్‌మన్ నా దగ్గరికొచ్చాడు. "మీ ఊళ్లో ముందు కూర్చున్నవాడికి ఏమిస్తారు?" అని అడిగాడు. ఆ మనిషికి నిజంగానే తెలుసుకోవాలని ఉంది. నేనూ నిజంగానే ఆలోచించాను. "ఏమీ ఇవ్వరు సార్. చూస్తారు."

ఆయన చుట్టూ కలయజూశాడు. ఎటు చూసినా ఇసుక. "ఇక్కడ చూసేదెవరు?"

నేను వెళ్లి, అన్నను దింపి, నా సీట్లో కూర్చున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, కానీ ఆ కుర్రాణ్ణి తిట్టడానికి మనసొప్పదు. పాపం, మోచేయి బయటపెట్టి, తోలూడిన ముక్కు పైకెత్తి, నరమానవుడు లేని ఎడారిలో ఎంత దర్జాగా పోయేవాడో!