ఒక పూట దాచిన బిందె బొమ్మ

మొన్న వనపర్తిలో బంధువుల ఇంట్లో విందు జరుగుతుండగా, ట్యాబ్‌లో బొమ్మలు నొక్కి పెరుగన్నం అడుగుతున్న నాలుగేళ్ల బాబును చూసి, నా వయసువాడే ఒకాయన, అది గుంజుకుంటే వాడే మాట్లాడతాడని తల్లికి సలహా ఇచ్చాడు. ఆ పని నేనొకసారి చేశానని ఆయనకు అందరి ముందే చెప్పాను. మీకూ చెప్పాలి.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో నేను గద్వాలలో ఒక దినపత్రికకు వార్తలు రాసేవాడిని. మా వీధిలోనే అక్క ఇల్లు, బావ మగ్గం. వాళ్ల కూతురికి ఏడేళ్లొచ్చినా నోటి మాట లేదు. చప్పుడెక్కువైతే చెవులు మూసుకునేది, సంతోషం పట్టలేకపోతే చేతులు ఆడించేది. నాలుకకు వస రాయలేదా అని అడగని ఇల్లు లేదు. వారానికోసారి వనపర్తికి వచ్చే మాటల చికిత్స మేడం మాత్రం, ఆడే చేతుల్ని పట్టి ఆపొద్దన్నారు, బెదిరినప్పుడు బొంతలో గట్టిగా చుట్టితే కుదుటపడుతుందని చూపించారు, పిల్ల చెప్పేది మనకు అందే దారి మనమే వెతకాలన్నారు. అక్క పెబ్బేరు మీదుగా బస్సులో ఇంటికి చేరి, నా పాత పేపర్లలోని బొమ్మలు కత్తిరించి, పెళ్లిపత్రికల అట్టలకు అంటించి, పిన్నీసుకు గుచ్చి గౌనుకు తగిలించింది. బిందె చూపితే దూప, నీళ్లియ్యమని; బస్సు చూపితే బయటికి.

ఆ బొమ్మలున్నన్నాళ్లూ నోరు కదలదు, వాటితో బడికి పంపొద్దు అన్నాడు బడి పెద్దసారు. నేను నమ్మాను. నమ్మడమే కాదు, 'మూగ బాలిక నోట తొలి పలుకు' అని శీర్షిక కూడా మనసులో కట్టుకున్నాను. ఎండాకాలం ఒంటిపూట బడుల రోజుల్లో ఒకనాడు అక్క పిల్లను నాకు అప్పగించి అయిజ పోయినప్పుడు, బిందె బొమ్మ తీసి జేబులో వేసుకుని, కెమెరా పక్కన పెట్టుకుని కూర్చున్నాను.

పిల్ల ఉన్న బొమ్మలన్నీ ఒక్కొక్కటే నా చేతిలో పెట్టింది. నా వేలు పట్టుకుని బిందె దాకా లాగింది. నీళ్లు అను, ఇస్తా, అంటూ నేను చేయి విడిపించుకున్నాను. తన మణికట్టు తానే కొరుక్కుంది. చివరికి వాకిట్లో బట్టలు నానబెట్టిన బకెట్ దగ్గరికి పోయి దోసిలి పట్టి తాగింది. అక్క గేటు తీసుకుని లోపలికి వచ్చింది అప్పుడే. జరిగిందంతా చెప్పాను.

"రెక్క పట్టి గుంజి చూపిస్తే నీకు సమజ్ గాలేదారా? దూపైతుందని నీకు పేపర్ల రాసియ్యాల్నా?" అంది. నేను జేబులోంచి అట్టముక్క తీసి ఇచ్చాను.

మర్నాడు అక్క నన్నూ వెంటబెట్టుకుని, పిన్నీసు నిండా బొమ్మలతోనే పిల్లను బడికి తీసుకుపోయింది. పెద్దసారు వద్దంటే తరగతి గడప మీద కూర్చుంది. "మా పిల్ల మాట్లాడుతనే ఉన్నది సారూ, మీకు ఇనరాకుంటే అది దాని తప్పా?"

"జర లెవ్వమ్మా, పిల్లలు చూస్తున్రు," అన్నాడాయన.

"చూడనియ్యండ్రి."

అప్పుడు నేనూ నోరు విప్పాను. "మీరు చెప్పిందే నిన్న చేసి చూసిన సార్. మాట రాలే. పిల్ల సబ్బునీళ్లు తాగింది."

సరే, ఆఖరు వరసలో కూర్చోబెట్టమన్నాడాయన. అక్క మొదటి వరసలో కూర్చోబెట్టి వచ్చింది.

ఇప్పుడు నాగర్‌కర్నూల్‌లోనూ థెరపీ బోర్డులు కనిపిస్తున్నాయి, వారానికోసారి వచ్చే మేడం కోసం ఎదురుచూసే పని తప్పింది. సంతోషమే. కానీ కొన్ని బోర్డుల మీద ఇన్ని నెలల్లో మాటలు రప్పిస్తామనే రాసి ఉంటుంది, పిల్లలు ఇప్పటికే ఏం చెబుతున్నారో వింటామని రాసిన బోర్డు నాకింకా కనపడలేదు. అక్క ఇక లేదు. మేనకోడలు బావ మగ్గానికి జరీ కండెలు చుడుతుంది, నేను ఆలస్యంగా వెళ్తే ఫోన్లో కోపం బొమ్మలు వరసగా పంపుతుంది. మాటలొచ్చినాయా అని ఊళ్లో ఇప్పటికీ అడుగుతారు. ఒకప్పుడు తల దించుకునేవాడిని. ఇప్పుడు, రాలేదు, ఆమెతో మీరేం మాట్లాడాలో చెప్పండి, పక్కనే కూర్చుని మాట్లాడిస్తా, అంటాను. ఇన్నేళ్లలో ఇద్దరే కూర్చున్నారు.