హక్కు అన్న చోట తెల్ల రంగు

ఎనభైల మొదట్లో నార్త్ కరోలినాలో ఒక యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేసేదాన్ని. నాది బేస్‌మెంట్‌లో ఉన్న డాక్యుమెంట్ల విభాగం. ప్రపంచ దేశాల సభల్లో జరిగిన చర్చలు, నెగ్గిన తీర్మానాలు, వీటో దెబ్బకు పోయిన తీర్మానాలు అన్నీ అక్కడి అరల్లో ఉండేవి. వాటికోసం రోజూ వచ్చేది ఒక్కడే, పాలస్తీనా నుంచి వచ్చిన రీసెర్చ్ స్టూడెంట్. తన ప్రజల స్వయంనిర్ణయాధికారం గురించి దౌత్యవేత్తలు ఏ ఏడాది ఏ మాట వాడారో, ఏ మాట వదిలేశారో పోల్చి చూడడమే అతని థీసిస్. కామా మారినా కార్డు మీద రాసుకునేవాడు. పరిచయం పెరిగాక అతని చాప్టర్లు నేనే టైప్ చేసిపెట్టేదాన్ని. మూడోది, ఊరు దాటినవాళ్లు తిరిగి వెళ్లడం గురించి ఏ తీర్మానం ఏమందో.

ఆ వేసవిలో మా అమ్మ గుంటూరు నుంచి వచ్చి నా దగ్గర ఉంది. ఒక ఆదివారం చర్చి అయ్యాక అతన్ని భోజనానికి పిలిచాను. బేత్లెహేముకు నడిచి వెళ్లేంత దూరంలో అతని ఊరని చెప్పగానే అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. చిన్నప్పటి నుంచి క్రిస్మస్ పాటల్లో పాడుకున్న ఊరికి బస్సులూ బడులూ ఉంటాయని ఎప్పుడూ అనుకోలేదట. అక్కడేం పండుతాయని అడిగింది. ఆలివ్‌లు, ద్రాక్ష అన్నాడు. వాళ్లమ్మ ద్రాక్షాకుల్లో బియ్యం చుట్టి వండుతుందని చెబితే అమ్మ ఎంతో ముచ్చటపడింది. తర్వాత, ఈ అబ్బాయి ఏం చదువుతున్నాడని నన్నడిగింది.

"వాళ్ల ఊరి సంగతి వాళ్లే తేల్చుకునే హక్కు గురించి రాస్తున్నాడమ్మా."

"దానికి పుస్తకం రాయాలా?" అంది అమ్మ.

నేను ఇంగ్లీషులో చెబితే నవ్వాడు. జేబులోంచి కార్డు తీసి ఆ మాట కూడా రాసుకున్నాడు.

చలికాలంలో అతని గైడ్ ఒక సవరణ అడిగారు. ఆయన మంచివాడే. చివరి రెండు చాప్టర్లలో "హక్కు" అన్నచోటల్లా "ఆకాంక్ష" అని మారిస్తే తప్ప కమిటీలో ఇద్దరు సంతకం పెట్టరన్నారు. అతను కొన్ని వారాలు వాదించి, చివరికి కాగితాలు నా టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయాడు. నేను ఒక్కో మాట మీద టైపు తప్పులు దిద్దే తెల్ల రంగు పూసి, ఆరేదాకా ఊది, పైన కొత్త మాట కొట్టాను. ఇంగ్లీషులో ఆ మాట పొడుగు. పట్టనిచోట పేజీ పేజీ మళ్లీ కొట్టాను. ఇది మార్చకండి అని చెప్పే చనువు నాకు లేదు. చెప్పినా డిగ్రీ ఇచ్చేది నేను కాదు.

ఆ సవరణల వల్ల ఒక సెమిస్టర్ ఆలస్యమైంది. డాక్టరేట్ వచ్చిన వసంతంలోనే వాళ్లన్న దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. ఊరు దాటేటప్పుడు ఇచ్చిన పర్మిట్‌ను గడువులోగా వెళ్లి రెన్యూ చేసుకోవాలి. ఈ ఆలస్యంలో గడువు దాటిందని, అక్కడ పెత్తనం చేస్తున్న ఆక్రమణ సైన్యం ఆఫీసువాళ్లు నివాసుల జాబితాలోంచి అతని పేరు తీసేశారు. ఇక సొంత ఊరికి వెళ్లాలన్నా విజిటర్‌గానే, అదీ వాళ్లు వీసా ఇస్తేనే.

కౌంటర్ దగ్గర నిలబడి ఉత్తరమంతా నాకు చదివి వినిపించాడు. "ఇదే నా మూడో చాప్టర్," అన్నాడు.

ఇద్దరం కలిసి అప్పీళ్లు రాశాం. ఆ వీసా ఇవ్వాల్సినవాళ్ల కాన్సులేట్ బదులివ్వలేదు. ఒక సెనేటర్ ఆఫీసు, ఉత్తరం రాసినందుకు థాంక్స్ చెప్పింది. మా తెలుగు ప్రార్థన కూటంలో అతని సంగతి చెప్పాను. అందరూ పాపం అన్నారు, ప్రార్థన చేశారు. తర్వాత మాటలు గ్రీన్‌కార్డుల మీదికి మళ్లాయి. నావి కూడా.

అతనికి ఒహాయోలో చిన్న కాలేజీలో ఉద్యోగం దొరికింది. రెండేళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం లైబ్రరీకి ఫోన్ చేశాడు. వాళ్లమ్మ పోయింది. సమాధి చేయడానికి తీసుకెళ్తుంటే, అతనికి వినబడాలని వాళ్లన్న ఫోన్‌ను కిటికీ దగ్గర పట్టుకున్నాడట. మనుషులు నడుస్తున్న చప్పుడు వినిపించిందన్నాడు.

అన్ని దేశాల మాటలూ నా వెనక అరల్లో ఉన్నాయి. ఏమైనా తిన్నారా అని అడిగాను. లేదన్నాడు.