అనుమానాల నడుమ పాడించిన సుగుణక్క

పోయిన మంగళవారం ఉదయం సుగుణక్క పరమపదించిందన్న వార్త ఫోనులో విన్నాను. అంతకుముందు ఆదివారమే కదా, ఆరాధన ముగిశాక నా ఢోలక్ మీద చెయ్యి వేసి, "జర మెల్లగ కొట్టు తమ్మీ, మాటలు వినపడాలె" అన్నది! గుండెపోటు ఆమెను దవాఖాన దాకా కూడా పోనివ్వలేదు.

గోదావరిఖనిలో కార్మికుల క్వార్టర్ల వెనుక రేకుల షెడ్డులో కూడుకునే చిన్న సంఘం మాది. అక్క మంచిర్యాలలో పంతులమ్మగా పనిచేసి, రిటైరయ్యాక ఇక్కడ చెల్లెలింటికి వచ్చి మాలో కలిసింది. అప్పటికి మా ఆరాధన నిర్జీవం. కీబోర్డు దాని తాళం అదే వేసుకునేది. రాత్రి షిఫ్టు దిగి వచ్చిన మగవాళ్ళు కునికిపాట్లు పడేవాళ్ళు.

అక్క ముందుకు వచ్చి నిలబడలేదు. ఆడవాళ్ళ మధ్య కూర్చొని కీబోర్డు ఆపమన్నది. వృద్ధురాలైన మరియవ్వకు నాట్లప్పటి పాటల బాణీలు తెలుసని పసిగట్టి, కీర్తన మాటలను ఆ బాణీలో కూర్చింది. అవ్వ ఒక చరణం అంటే అందరూ అందుకోవాలి. "దేవుడు చెవిటోడు గాదు, మనమే మూగోళ్ళమైనం" అనేది. కొన్నాళ్ళకే ఆ షెడ్డులో కునికే మనిషి లేకుండా పోయాడు.

అక్కడే అనుమానం మొదలైంది. మా సంఘపెద్ద శామ్యూల్ కాక గనిలో పనిచేసినన్నాళ్ళు పైకప్పును కర్రతో కొట్టి, అది కూలదని ఆ చప్పుడులో తేలనిదే అడుగు ముందుకు వేయని మనిషి. గతంలో ఒక గాయకుడు వచ్చి, మధురంగా పాడి, మాలో కొన్ని కుటుంబాలను నది అవతల మంచిర్యాలలో ఉన్న పెద్ద సంఘానికి తరలించుకుపోయాడు. "గీమె గూడ గదే బాపతు. తన పాత సంఘం ముచ్చట ఎన్నడన్న ఎత్తిందా?" అని కాక నా చెవిలో గొణిగేవాడు. ఒక శనివారం ఆ పెద్ద సంఘంవాళ్ళ కారు అక్క ఇంటి ముందు ఆగడం కాక కంట పడింది.

మరునాడు ప్రార్థన కాగానే ఆయన అందరి ముందు నిలదీశాడు.

"సుగుణమ్మా, నిన్ను ఎవలు పంపిండ్రు?"

అక్క తడుముకోలేదు. "మంచిర్యాల పెద్ద సంఘపోళ్ళే పంపిండ్రు కాకా. పాటలు నేర్పి, మెల్లగ మిమ్ముల అటు తోలుకరమ్మన్నరు. ఒప్పుకొనే వచ్చిన."

కాక ఇంకో అడుగు ముందుకు వేశాడు.

"మరి?"

"ఆడ మేం స్టేజీ మీద పాడుతుంటె జనం ఊకె వింటరు. ఈడ మరియవ్వ కండ్లు మూసుకొని పాడుతుంటె ఇగ నాకు పోబుద్ధి కాలె. నిన్న కారుల వచ్చినోళ్ళకు గదే చెప్పిన."

"నమ్మమంటవా?"

"నమ్మకు కాకా, సూస్తనే ఉండు. పాడుడు మాత్రం బంద్ వెట్టకు."

కాక నిజంగానే ఏళ్ళ తరబడి చూస్తూనే ఉన్నాడు. ఎవరైనా ఒక ఆదివారం రాకపోతే వాళ్ళింటికి పోయి ఆరా తీసేవాడు. ఆ సంగతి అక్కకు తెలుసు. అయినా ఆమె ఒక్కనాడూ నొచ్చుకోలేదు. "కాక ఫికర్ కాకది. దెబ్బ తిన్న మనిషి గద" అనేది. ఆ క్షమాగుణం నాకు ఈనాటికీ అబ్బలేదు.

భూస్థాపన నాడు పెద్ద సంఘంవాళ్ళు సౌండు బాక్సులతో, గాయకులతో శ్మశానానికి వచ్చారు. "ఆమె మా మనిషి, మేం పాడుతం" అన్నారు. కాక గేటు కాడ అడ్డం నిలబడ్డాడు.

"ఎవల మనిషో ఆమెనే తేల్చింది. దండం వెట్టుండ్రి, వద్దనం. బాక్సులు మాత్రం దించకుండ్రి."

మరియవ్వ వణికే గొంతుతో ఎత్తుకుంది. మేమంతా అందుకున్నాం. అందరికంటే బిగ్గరగా పాడింది కాకే. పాడుతున్నంత సేపూ ఆయన చూపు బాక్సుల బండి మీదనే ఉన్నది.

నిన్న ఆదివారం మొదటి పాట ఎవరు ఎత్తుకోవాలో తెలియక ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. చివరికి ముగ్గురు ఒక్కసారే, మూడు శ్రుతుల్లో అందుకున్నారు. ఎవరూ ఆగలేదు. సవరించే మనిషి లేదు.

ఆ పుణ్యమూర్తికి కన్నీటితో నమస్కరిస్తున్నాను. మా కోసం పాడేవాళ్ళు ఎక్కడైనా దొరుకుతారు. మా చేత పాడించే సుగుణక్క మళ్ళీ దొరకదు.