జర్మనీకి వెళ్ళిన సిఫార్సు ఉత్తరం

ఇంటర్న్‌షిప్ అనే మాట చివర షిప్ ఉంది కాబట్టి, ఎక్కి కూర్చుంటే చాలు, అదే ఒడ్డుకు చేరుస్తుందని నమ్మిన రోజులవి. నా అంత తెలివితక్కువవాడు మన కృష్ణా జిల్లాలో ఇంకొకడు ఉండడని అనను గానీ, ఉంటే మాత్రం వాడు కూడా జర్మనీలోనే చదువుతూ, నా పక్క గదిలోనే ఉంటూ, నా దరఖాస్తునే పేరు మార్చి పంపుతూ ఉండేవాడు. (నిజంగానే ఉండేవాడు. గుడివాడ వాడు. వాడి కథ వాడు రాసుకుంటాడు.)

మా కోర్సులో ఒక మెలిక ఉండేది. ఏదో ఒక కంపెనీలో ఆర్నెల్లు ఇంటర్న్‌గా పనిచేసి కాగితం తెస్తేనే థీసిస్ మొదలుపెట్టనిస్తారు. కాగితం లేకపోతే చదువు ఆగుతుంది, చదువు ఆగితే వీసా ఆగుతుంది, వీసా ఆగితే మూటాముల్లె సర్దుకుని బెజవాడ వచ్చి, ఆటోనగర్‌లో మా మావయ్య లారీ షెడ్డులో చేరడమే. ఆ భయంతో అరవై దాకా దరఖాస్తులు పంపాను. అన్నీ ఒకటే మాటతో మొదలయ్యేవి: "చిన్నప్పటి నుంచీ మీ కంపెనీ అంటే నాకు ప్రాణం." ఆ పొద్దున్నే పేరు విన్న కంపెనీకీ అదే ప్రాణం, లిఫ్టులు తయారుచేసేవాళ్ళకీ అదే ప్రాణం. ఒకసారి తొందర్లో కంపెనీ పేరు మార్చడం మరిచిపోయి, ఒకరి ముందు వాళ్ళ పోటీదారు మీద ప్రాణాలు విడిచాను. జవాబులు మాత్రం మహా మర్యాదగా వచ్చేవి. మొదటిది అమ్మకి ఫోన్లో చదివి వినిపిస్తే, "మీ భవిష్యత్తుకు శుభాకాంక్షలు" అన్న చోట ఆపేసి, "శుభాకాంక్షలన్నారుగా! ఇంకేం, కొబ్బరికాయ కొట్టొస్తా" అంది. అది మర్యాదగా కాదనడమని ఆవిడకి వివరించేసరికి నాకే ఏడుపొచ్చింది.

ఇందులో నా అసలు తెలివి ఇంకొకటుంది. టెన్త్ సెలవుల దగ్గర్నుంచి ఇంజనీరింగ్ అయ్యేదాకా, సెలవులిస్తే చాలు, మావయ్య షెడ్డులోనే ఉండేవాణ్ణి. లారీ చక్రాల పైన బరువు మోసే ఇనప పట్టీల దొంతరలుంటాయే, కమాన్ కట్టలంటారు, అవి విప్పడం, పగిలిన పట్టీ తీసి కొత్తది వేసి బిగించడం నా పని. ఆ సంగతి రెజ్యూమేలో ఎక్కడా కనిపించకుండా దాచాను. గోళ్ళలో గ్రీజున్నవాణ్ణి జర్మనీవాళ్ళు ఎలా రానిస్తారని నా అనుమానం. బదులుగా టీమ్ ప్లేయర్ అనీ, లీడర్‌షిప్ (ఇంకో షిప్) ఉందనీ రాసుకున్నాను.

సెమిస్టర్ సెలవులకి ఇంటికొచ్చినప్పుడు మావయ్య నా మొహం చూసి విషయం లాగేశాడు.

"అక్కడ మనకి తెలిసినవాళ్ళెవరున్నార్రా?"

"ఎవరూ లేరు మావయ్యా. అక్కడ అలా ఉండదు. అంతా మెరిట్టే."

"మెరిట్టు అందరికీ ఉంటుందిరా. చెప్పేవాడుండాలి."

కరెంటు మీటరు మారాలన్నా, కాలేజీలో సీటు కావాలన్నా, ఆస్పత్రిలో మంచం దొరకాలన్నా మావయ్యకి తెలిసిన దారి ఒక్కటే: ఎవరిచేతో ఒకరిచేత చెప్పించడం. ఆ ఎవరో ఒకరు మా పేటలో పెద్దాయన. అప్పుడెప్పుడో ఏవేవో పదవులు చేసినవాడు. లెటర్‌హెడ్డు మీద సగం పేజీ చేతులు జోడించిన ఫోటో, మిగతా సగంలో ఆ పదవులన్నీ పెద్దక్షరాల్లో, వాటి ముందు 'మాజీ' అనేది మాత్రం చీమంత అక్షరాల్లో. మొదటి రోజు ఆయన వరండాలో ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం. "సార్ స్నానానికి వెళ్ళారండీ. రేపు రండి" అన్నాడు గుమాస్తా. రెండో రోజు పూజ. మూడో రోజు ఎవరిదో పెళ్ళి. నాలుగో రోజు దర్శనమైంది.

"ఏ డిపార్ట్‌మెంటయ్యా?" అన్నాడు పెద్దాయన.

"జర్మనీ అండి" అన్నాడు మావయ్య.

"అక్కడ కలెక్టరెవరు?"

మావయ్య నావైపు చూశాడు. నేను ఫ్యాన్ వైపు చూశాను. ఏమైతేనేం, డీటీపీ షాపులో మావయ్య దగ్గరుండి ఇంగ్లీషులో టైపు చేయించిన ఉత్తరం మీద ఆకుపచ్చ ఇంకుతో సంతకం పడింది. దాని పక్కన గుండ్రటి స్టాంపూ పడింది. "స్టాంపు లేనిదే కాగితం చెల్లదురా" అంటూ మావయ్య అది ఆరేదాకా ఊదాడు. నేను ఆ ఫోటో చూసి సిగ్గుతో చచ్చి, లోపలేముందో చదవకుండానే మడిచి పెట్టెలో పడేశాను.

జర్మనీ చేరిన దగ్గర్నుంచి రోజూ ఫోను. "పెట్టావా?" "పెడతా మావయ్యా." "పెట్టి ఫోటో తీసి పంపు, నేను చూడాలి." పడలేక ఒక రోజు, ఎటూ జవాబు రాదని గట్టిగా నమ్మిన కంపెనీ ఒకటి చూసుకుని (ట్రైలర్ లారీలకి సస్పెన్షన్ సామాను చేస్తారు వాళ్ళు), 'ఇతర పత్రాలు' అన్న చోట ఆ ఉత్తరం తగిలించి, ఫోటో తీసి మావయ్యకి పంపి, పీడా వదిలిందనుకున్నాను.

అరవైలో ఇంటర్వ్యూకి పిలిచింది ఆ ఒక్కటే.

వీడియో కాల్‌లో కళ్ళజోడు పెట్టుకున్న ఒక పెద్దావిడ. నమస్కారాలయ్యాక, మొదటి ప్రశ్నే, "ఈ చేతులు జోడించిన పెద్దమనిషి ఎవరు?" అంది. "మా కుటుంబ మిత్రులండి" అన్నాను, అప్పటికే సగం బెజవాడ చేరిపోయిన గొంతుతో. "సరే, ఇది నిజమేనా?" అని ఉత్తరంలో చివరి పేరా చదివింది. "ఈ కుర్రాడు ఐదారేళ్ళు ప్రతి సెలవుల్లోనూ మా షెడ్డులో కమాన్ కట్టలు విప్పి బిగించాడు. సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి, మోత విని, ఏ పట్టీ పగిలిందో చెబుతాడు. తప్పు చెప్పడం నేనెప్పుడూ చూడలేదు."

సంతకం పెద్దాయనదే గానీ మాటలు మావయ్యవి. అన్నేళ్ళలో ఆ మనిషి నన్ను మెచ్చుకున్నది లేదు. "ఒరేయ్, అవి చేతులా, గరిటెలా?" అన్నది తప్ప నాకింకేం గుర్తు లేదు.

"ఇది మీ రెజ్యూమేలో లేదేం?" అందావిడ.

"గ్రీజు పని కదండీ, బాగుండదేమోనని..."

"మేం చేసేది అదే పని" అని, కెమెరా ముందు విరిగిన పట్టీ ఒకటి పెట్టింది. ఇక ఆగలేదు నేను. మధ్య బోల్టు దగ్గరే ఎందుకు చిట్లుతుందో, మా కృష్ణ ఒడ్డున ఇసుక లారీలు ఎంత బరువు మోస్తాయో, పగిలిన పట్టీ గంటలా మోగకుండా పెంకులా ఎలా పలుకుతుందో గంటసేపు చెప్పాను. ఆ గంటలో టీమ్ ప్లేయర్ అన్న మాట ఒక్కసారీ రాలేదు. వారానికి, ఇంటర్న్‌గా చేరమని కాగితం వచ్చింది.

మావయ్యకి ఫోన్ చేస్తే, "చూశావా! పెద్దాయన మాట జర్మనీలోనూ చెల్లింది!" అన్నాడు. "ఆయన మాట కాదు మావయ్యా, నీ మాట" అంటే వినడే! ఆటోనగరంతా చాటింపు వేశాడు. ఆ తర్వాత కొన్నేళ్ళపాటు పైచదువులకెళ్ళే పిల్లలందరినీ ఆ వరండాలో కూర్చోబెట్టాడు. నా సుత్తికీ, నా చెవికీ దక్కాల్సిన పేరు మొత్తం ఆ ఫోటోకే పోయింది. నాకెంత ఉక్రోషమో చెప్పలేను.

నేనిప్పుడు ఆ కంపెనీలోనే ఉన్నాను. మొన్నామధ్య మావయ్య వచ్చి, ఫ్యాక్టరీ చూడాలన్నాడు. బయటివాళ్ళని తీసుకెళ్ళాలంటే లోపలివాడు పూచీ పడాలి. ఆయన్ని గేటు గదిలో కుర్చీలో కూర్చోబెట్టాను. (ప్లాస్టిక్ కుర్చీ కోసం వెతికాను, దొరకలేదు.)

"సార్ లోపలున్నారండీ, కాసేపు ఆగాలి."

"ఏ సార్రా?"

"నేనే."

పావుగంట ఆగి, ఓ కాగితం తెచ్చి చేతికిచ్చాను. సగం పేజీ చేతులు జోడించిన నా ఫోటో. కింద తెలుగులో నాలుగు ముక్కలు: "వీరిది మంచి కుటుంబం. సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి, మోత విని, ఏ పట్టీ పగిలిందో చెబుతారు. నాకు నేర్పింది వీరే. తప్పు చెప్పడం నేనెప్పుడూ చూడలేదు. లోపలికి పంపగలరు."

మావయ్య కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు. తర్వాత చాలాసేపు నా చేతులకేసి చూశాడు. కీబోర్డు కొట్టి కొట్టి మెత్తబడి, గోళ్ళలో మచ్చుకైనా నలుపు లేని చేతులు. ఒకప్పుడు నేను కోరుకున్నవి సరిగ్గా ఇలాంటివే. ఎందుకో వాటిని జేబుల్లో దాచుకోబుద్ధయింది.

ఆయన కాగితం తిరగేసి చూశాడు.

"అంతా బాగానే ఉందిగానీ, స్టాంపేదిరా?"

"సార్ స్నానానికి వెళ్ళారండీ," అన్నాను, "రేపు రండి."