నలుపు తెలుపులో ఆకుపచ్చ

డీవీడీ డబ్బా తెరిచినప్పుడు టక్కున ఒక చిన్న చప్పుడు, ఆ వెంటనే చల్లని ప్లాస్టిక్ వాసన. ఎవరూ అడగడం లేదని తీసేస్తున్న డీవీడీలను మొన్న ఇక్కడ అమెరికాలో, మా ప్లెయిన్స్‌బరో లైబ్రరీలో ఒక బండి మీద పెట్టి అమ్ముతుంటే, ఒకటి తీసుకుని తెరిచాను. పాత ఇంగ్లిష్ డిటెక్టివ్ సీరియల్. అట్ట మీద టోపీ పెట్టుకున్న ఇన్‌స్పెక్టర్, వెనక వానకు తడిసిన రాతి వీధి. ఆ వాసనతో పాటే డాక్టర్ సుభద్ర గారి ముందుగది వచ్చి నా చుట్టూ నిలబడింది. అల్లం టీ, కిటికీ పక్కన పాత కుర్చీ, "ఆపు, ఆపు. ఇప్పుడు చెప్పు, ఏం చూశావ్?" అనే గొంతు.

ఆవిడ నాకు చుట్టం కాదు. నేను మా ఆవిడ స్వాతి వీసా వెనకాల తోకలా ఈ దేశానికి వచ్చినవాణ్ని. ఆమె మందుల కంపెనీకి వెళ్లేది. నాకు ఉద్యోగం చేసే అనుమతి లేదు. వరంగల్‌లో డిగ్రీ మధ్యలోనే వదిలేశాను కాబట్టి, అనుమతి ఉన్నా ఏం చేసేవాణ్నో తెలియదు. అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర ఎదురైన మగవాళ్లు "ఏం బ్రదర్, ఇవ్వాళ ఏం కూర?" అని నవ్వేవాళ్లు. ఆ నవ్వు తప్పించుకోవడానికి లైబ్రరీకి వెళ్లడం మొదలుపెట్టాను. కొన్నాళ్లకు చదవడానికే వెళ్లాను. ఇంగ్లండు చరిత్ర, విషాల సంగతులు, రైళ్లు ఎలా పుట్టాయన్న కథ నాకు ఎంతో కొంత తెలుసంటే, అది ఏ కాలేజీ చెప్పిన చదువూ కాదు. ఆ అరల ముందు నేల మీద చతికిలబడి చదువుకున్నది. ఈ మాట కాస్త గర్వంగానే చెప్తున్నాను.

ఒకరోజు డీవీడీల అర దగ్గర నిలబడి స్వాతితో ఫోన్ మాట్లాడి పెట్టేశాను. పక్కన ఒక పెద్దావిడ, చీర మీద లావుపాటి కోటు వేసుకుని, డబ్బాను ముక్కుకు ఆనించుకున్నంత దగ్గరగా పట్టుకుని ఉన్నారు. నా తెలుగు విని ఇటు తిరిగారు.

"ఏమయ్యా, దీని మీద దగ్గు ఇన్‌స్పెక్టర్ ఉన్నాడేమో చూసిపెడతావా?"

"దగ్గు ఇన్‌స్పెక్టర్ ఎవరాంటీ?"

"ప్రతి సీన్లోనూ దగ్గుతాడులే. నేను డాక్టర్ని కదా, నా ధ్యాసంతా అతని ఊపిరితిత్తుల మీదే. హంతకుడు దొరికేలోపు ఇతను పోతాడేమోనని నా భయం."

అలా పరిచయమయ్యారు. కాకినాడలో డాక్టరీ చదివి, అమెరికా రాకముందు ఇంగ్లండు ఉత్తరాన ఏదో చిన్న ఊరి ఆసుపత్రిలో పనిచేశారట. రిటైరయ్యాక ఇక్కడ ఒక్కరే ఉంటున్నారు. చూపు నడిమధ్య మసక మొదలైంది. "నీ మొహం చూస్తే మొహం కనపడదు, చెవులు కనపడతాయి. మంచి చెవులే," అన్నారు. పూర్తిగా పోయేలోపు ఒక్క కథ మళ్లీ చూడాలని ఆవిడ కోరిక. ఆసుపత్రి క్వార్టర్స్‌లో, అందరూ కూర్చునే కామన్ రూమ్ టీవీలో చూసిన కథ. పేరు గుర్తులేదు. రైల్వే స్టేషన్ టీ గదిలో ఒకామె కూర్చున్నచోటే చనిపోయి ఉంటుంది, బయట కుక్క మొరుగుతూ ఉంటుంది, అక్కడ ఆకుపచ్చ ఉన్ని స్వెటర్ ఉంటుంది. అంతే.

ఆ మధ్యాహ్నాలు అలా మొదలయ్యాయి. నేను వెతికి తెచ్చేవాణ్ని, ఇద్దరం చూసేవాళ్లం. హంతకుడు బయటపడే ముందు ఆవిడ ఆపించేవారు. ఎవరు చంపారో చెప్పమనేవారు కాదు.

"ఆ హోటల్ మేనేజర్ భయపడుతున్నడు ఆంటీ," అన్నాను మొదటిసారి.

"భయం నీకెలా కనపడింది? కనపడింది చెప్పు."

"చేతిల కప్పు, సాసర్ కొట్టుకుంటున్నయి."

"అదీ! అది నువ్వు చూసింది. భయమన్నది నువ్వు అనుకున్నది. అతనికి చలేస్తుండొచ్చు, షుగర్ పడిపోయి ఉండొచ్చు. గుమ్మంలోనే జబ్బు పేరు చెప్పేసే డాక్టర్ల దగ్గరికి వెళ్లకు, హంతకుల కంటే ప్రమాదం."

నేను పుస్తకం చదివే తీరే ఆ మాటతో మారిపోయింది. అంతకుముందు పేజీలు మింగేవాణ్ని. తర్వాత ప్రతి వాక్యం దగ్గరా, ఇతను చూసి రాశాడా, అనుకుని రాశాడా అని ఆగడం అలవాటైంది.

ఆ కథ మాత్రం దొరకలేదు. ఇంటర్నెట్‌లో పాత సీరియళ్ల అభిమానులు రాసుకున్న కథాసారాలన్నీ చదివాను. లైబ్రేరియన్ వేరే ఊళ్ల నుంచి డిస్కులు తెప్పించింది. ఒక్కొక్కటీ చూసి ఆవిడ, "ఇది కాదు. స్వెటర్ ఏది?" అని పెదవి విరిచేవారు. ఆ చలికాలానికి ఆవిడ చూపు ఇంకో మెట్టు దిగిందని కంటి డాక్టరు చెప్పారు. ఆవిడ కుర్చీ టీవీకి ఇంకాస్త దగ్గరికి జరిగింది.

చివరికి ఒక డిస్కులో రైల్వే టీ గది వచ్చింది. ఆవిరి పట్టిన గాజు తలుపు, స్వెటర్ వేసుకుని బల్ల మీద తల వాల్చిన ఆడమనిషి. బయట కుక్క మొరిగింది.

"ఇదే! కుక్క ఇదే!" అని ఆవిడ ముందుకు వంగారు. తల పక్కకు తిప్పి కంటి అంచుతో చూశారు. "రంగేదయ్యా? వీళ్లు రంగు తీసేశారు!"

"తీసెయ్యలేదాంటీ. ఇది అప్పట్ల తీసిందే బ్లాక్ అండ్ వైట్ల."

"నేను ఆకుపచ్చ చూశాను మల్లేశం. అనుకోలేదు. చూశాను."

అడగాలా వద్దా అని కాసేపు తటపటాయించాను. కానీ అడగడం నేర్పింది ఆవిడే.

"ఆంటీ, ఆ కామన్ రూమ్ల టీవీకి రంగుండెనా?"

 తెరలో కుక్క ఇంకా మొరుగుతోంది.

"లేదు," అన్నారు. కాసేపయ్యాక, "మేరీ," అన్నారు.

మేరీ ఐర్లండ్ నుంచి వచ్చిన నర్సు. ఆ సాయంత్రం పక్కన కూర్చుని ఆకుపచ్చ ఉన్నితో స్వెటర్ అల్లుతోంది. నాణెం వేస్తేనే వెలిగే హీటర్ ఆరిపోయింది. కాకినాడ పిల్ల వణుకుతుంటే, అల్లిక సూదులతో సహా ఆ సగం స్వెటర్ ఆమె మోకాళ్ల మీద కప్పింది. "కదిలావంటే కుట్లన్నీ జారిపోతాయని బెదిరించింది. ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. అంతలో వార్డు నుంచి పిలుపు."

"మరి ఆఖరు చూడలేదా?"

"పొద్దున టీ దగ్గర మేరీ చెప్పేసింది. హంతకుడెవరో నాకు అప్పటినుంచీ తెలుసు. ఆపెయ్యి." చేతులు రెండూ మోకాళ్ల మీద పెట్టుకున్నారు. "దాని మొహం గుర్తు రావట్లేదయ్యా. ఉన్ని ఒక్కటే మిగిలింది."

ఆ తర్వాత చూపు దాదాపుగా పోయింది. అయినా వారం వారం వెళ్లేవాణ్ని. సీరియల్ పెట్టి, తెరలో ఏముందో తెలుగులో చెప్పేవాణ్ని. "వీధి మస్తుగున్నదాంటీ" అంటే, "మస్తు సంగతి నేను చూసుకుంటా, ఏముందో చెప్పు" అనేవారు. రైల్వే టీ గది కథే మళ్లీ మళ్లీ పెట్టమనేవారు. ఇన్నిసార్లు తెప్పిస్తున్నానని మా లైబ్రరీయే ఆ డిస్కు ఒకటి కొన్నది.

పోయిన ఏడాది ఆవిడ కన్నుమూశారు. ఆ అభిమానుల చర్చలు ఇప్పటికీ చదువుతుంటాను. అసలు ప్రింటు ఏది, ఏ నటుడు గొప్ప అని పోట్లాడుకుంటారు. వాటి మధ్యలో ఎవరో, మా నానమ్మ సోఫాలో ఈ చివర నేను కూర్చునేవాణ్ని అని ఒక్క ముక్క రాస్తారు. నేను వెతికేది ఆ ముక్క కోసమే.

బండి మీద దొరికింది ఆ డిస్కే. ఇంటికి తెచ్చి పెట్టాను. నాకు తెలియకుండానే నోరు కదిలింది. "వాన పడుతున్నదాంటీ. తలుపు అద్దం మీద ఆవిరి పట్టింది. బల్ల మీద రెండు కప్పులున్నయి, ఒకటి ముట్టలేదు."

వంటగదిలోంచి స్వాతి తొంగిచూసింది. "ఎవల్తోని మాట్లాడుతున్నవ్?"

 తెరలో ఆ ఆడమనిషి స్వెటర్ బూడిదరంగులో ఉంది. చూసిందే చెప్పాలి, నాకు తెలుసు.

"స్వెటర్ ఆకుపచ్చదాంటీ," అన్నాను.