ఏ దేశమంటే లష్కరని చెప్పు

మా అపార్ట్‌మెంటుకు విదేశీ లిఫ్టును తెచ్చిన పాపం నాదే. రెజిమెంటల్ బజార్‌లో, ఎదురెదురుగా రెండు సైకిళ్లొస్తే ఒకటి వెనక్కి నడవాల్సిన సందులో, మాది ఐదంతస్తుల భవనం. దాని అసోసియేషన్‌కు నేను సెక్రటరీని. పోటీ చేసి గెలిచింది కాదు. మీటింగుకు ఆలస్యంగా వెళ్లాను, అప్పటికే నన్ను ఎన్నుకుని టీ తాగుతున్నారు.

పాత లిఫ్టుకు ఇనుప జాలీ తలుపులుండేవి. కదిలితే ఏనుగు ప్రసవవేదన పడుతున్నట్టు మూలిగేది. వారానికి రెండుసార్లు ఖాయంగా అంతస్తుకూ అంతస్తుకూ మధ్య ఆగేది. ఆగినా ఎవరికీ కంగారు లేదు. జాలీలోంచి గాలి వచ్చేది, వెలుతురు వచ్చేది, పక్కింటి పోపు వాసన వచ్చేది. ఒకసారి మా అమ్మ అందులో ఇరుక్కుని, మెట్ల మీద పోతున్న కూరగాయలాయనతో జాలీలోంచే బేరమాడి, మునక్కాడలు ఒక్కొక్కటే లోపలికి లాక్కుంది. లిఫ్టు కదిలేసరికి మునక్కాడలు వలవడం కూడా అయిపోయింది.

ఆ లిఫ్టుకొక వైద్యుడుండేవాడు. బజారు చివర చిన్న దుకాణం ఆయనది. మా భవనం మొత్తానికీ చాచా. నింపాదిగా వచ్చి, ఏదో తిప్పి, మోటారు వీపు మీద ఒక్కటిచ్చి వెళ్లిపోయేవాడు.

అలాంటి ప్రాణిని నేను చంపించాను. ప్రపంచం ఎక్కడికో పోయిందనీ, మనం ఇంకా జాలీ పట్టుకు వేలాడుతున్నామనీ మీటింగులో గంటసేపు ఉపన్యసించాను. నిగనిగలాడే బ్రోచర్ ఒకటి చేతుల్లో తిప్పాను. అందులో ఒక తెల్లావిడ లిఫ్టు దిగుతూ నవ్వుతోంది. మనమూ లిఫ్టు దిగినప్పుడల్లా అలా నవ్వుతామని అందరూ నమ్మారు. చాచాను పిలిచి శాలువా కప్పి, ఇక రానక్కర్లేదన్నాను. ఆయన శాలువా మడిచి చంకలో పెట్టుకుని, "మంచిది సాబ్. లిఫ్టు యాడికెల్లి వచ్చినా మనిషి లోపట్నే ఇర్కుతడు" అని వెళ్లిపోయాడు.

కొత్తది వచ్చింది. నాలుగు పక్కలా మెరిసే స్టీలు, ఒకవైపు నిలువుటద్దం, ఎప్పుడూ ఎవరో పియానో మీద నిద్రపోతున్నట్టు సన్నని సంగీతం. లోపలి చలికి డిసెంబరులో మా పొరుగాయన మఫ్లరు కట్టుకుని ఎక్కేవాడు. పైగా అది మాట్లాడుతుంది. దానికి పద్దెనిమిది భాషలు వచ్చు, పద్దెనిమిదింట్లో మనది లేదు. అడిగితే, వచ్చే మోడల్‌లో చూస్తామన్నారు. లిఫ్టుతో మనకు మాటలేమిటని సభ్యులకు సర్దిచెప్పాను. మా అమ్మ మాత్రం ఒప్పుకోలేదు. అది పలకరిస్తుంటే పలక్కపోవడం మర్యాద కాదంది. లిఫ్టు ఇంగ్లీషులో "కిందికి పోతున్నాం" అన్నప్పుడల్లా, "పోదాం తియ్యి" అని జవాబిచ్చేది.

ఇక ఆషాఢం వచ్చింది, లష్కర్ బోనాల ఆదివారం వచ్చింది.

అమ్మకు డెబ్బై ఒకటి. పెళ్లై ఈ ఊరికి వచ్చిన ఏడు నుంచి ఒక్క ఏడూ తప్పకుండా అమ్మవారికి బోనమెత్తింది. ఇత్తడి కుండలో బెల్లమన్నం, కుండకు పసుపు, కుంకుమ బొట్లు, మెడ చుట్టూ వేపమండలు, మూత మీద ప్రమిదలో దీపం. నియమాలు రెండే. నెత్తికెత్తుకున్న బోనం గుడిలో అమ్మవారి ముందు తప్ప నేల తాకకూడదు. దీపం దారిలో ఆరకూడదు. ఇన్నేళ్లలో వానలు, తోపులాటలు, ఒకసారి ఎద్దు కూడా ఎదురొచ్చింది, దీపం ఆరలేదు. కానీ ఈసారి డాక్టరు మెడ ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి, అందులోని ఎముకల్ని పాత లిఫ్టు భాగాల్లా చూపించి, ఇక బరువెత్తొద్దన్నాడు. అమ్మ ఆయనతో కూడా బేరమాడింది. ఈ ఒక్క ఏడు, ఆఖరిది.

ఆ ఆఖరి బోనానికి వేపమండలు నేనే ఫోన్లో తెప్పించాను. పది నిమిషాల్లో వచ్చాయి, పారదర్శకమైన డబ్బాలో, ఇంగ్లీషు లేబుల్‌తో, వాడే విధానంతో సహా. అమ్మ ఆ డబ్బాను చాలాసేపు తిప్పి చూసి, వేపచెట్టు సుత పెద్ద సదువు సదివిందే అంది.

బోనం నెత్తికెత్తుకున్నాక ఆమె మెట్లవైపు నడిచింది. నేను అడ్డం పడ్డాను. నా లిఫ్టు ఉండగా నా తల్లి ఐదంతస్తులు మెట్లు దిగడమా?

"ఆ డబ్బాల వద్దు బిడ్డ. నాకు మనసొప్పుతలేదు."

"మెడ సంగతి డాక్టర్ ఏమన్నడమ్మా? అర నిమిషంల కిందుంటవ్."

ఆ అర నిమిషం నా జీవితంలో అతి పొడవైన అర నిమిషం. కొన్ని రాజవంశాలు అంతకంటే తక్కువ కాలం పాలించి ఉంటాయి.

మూడో అంతస్తులో టీచరమ్మ ఎక్కారు. కోస్తా నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడ్డ కుటుంబం, నలభై ఏళ్లు ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. తెల్లచీర, చేతిలో బైబిలు, చర్చికి బయల్దేరారు. అమ్మను చూసి, "కళగా ఉన్నారు వదినగారూ" అంటూ దీపానికి దూరంగా, అద్దానికి ఆనుకుని నిలబడ్డారు. తలుపులు మూసుకున్నాయి. అమ్మ నెత్తి, దాని మీద కుండ, కుండ మీద దీపం. దీపానికీ లిఫ్టు కప్పుకూ మధ్య జానెడు సందు.

కప్పులో ఎర్రకన్ను ఒకటి తెరుచుకుంది.

సంగీతం ఆగింది. లిఫ్టూ ఆగింది. మంటలు గుర్తించాననీ, దయచేసి ప్రశాంతంగా ఉండాలనీ అది ఇంగ్లీషులో ప్రకటించింది. అదే సంగతి మిగతా పదిహేడు భాషల్లోనూ వరసగా చెప్పింది. మంటల్లో ఉన్నవాడు అదంతా వినేలోపు బూడిదై గోదావరిలో కలిసి ఉండేవాడు.

నా ఫోనుకు సిగ్నల్ లేదు. స్టీలు అంత మంచిది. అత్యవసరం బటన్ నొక్కాను. ఏడు సముద్రాల అవతలి నుంచి ఒకావిడ పలికింది. ఆమె ముందు కాగితం ఉందని, కాగితం దాటి ఆమె రాదని మొదటి వాక్యానికే తెలిసిపోయింది. నా ఇంగ్లీషు ఆమెకు అర్థం కాలేదు. టీచరమ్మ ముందుకొచ్చి, తాలూకాఫీసు నుంచి కలెక్టరేటు దాకా ఎవరైనా లేచి నిలబడే ఇంగ్లీషులో, గొంతు సవరించుకుని మాట్లాడారు. ఆమె మళ్లీ చెప్పమంది. నలభై ఏళ్ల సర్వీసు ఆ స్పీకరు చిల్లుల్లోకి జారిపోవడం నేను కళ్లారా చూశాను.

మంట ఎక్కడుందని అవతలావిడ అడిగింది. మా అమ్మ తల మీద అని చెప్పాను. అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. కాగితంలో ఆ గడి లేదనుకుంటాను. తర్వాత ఏ దేశం నుంచి మాట్లాడుతున్నామని అడిగింది.

"ఏమంటున్నదిరా?" అంది అమ్మ, తల కదపకుండా, అద్దంలో నన్ను చూస్తూ.

"మనది ఏ దేశమని అడుగుతున్నరు."

"లష్కరని చెప్పు."

సికింద్రాబాద్‌ను అమ్మ ఏనాడూ సికింద్రాబాద్ అనలేదు. దండు దిగిన చోటు కాబట్టి లష్కర్. నేను దేశం పేరు చెప్పాను. అబద్ధం చెప్పినట్టనిపించింది ఎందుకో.

ఆవిడ తేల్చిందేమిటంటే, కంపెనీ మెకానిక్‌ను పంపుతారు. కానీ బోనాలకు రోడ్లు మూశారు గనక ఎప్పుడొస్తాడో తెలియదు. రెండో దారి చాలా సులువు. మంట ఆర్పేస్తే మూడు నిమిషాల్లో లిఫ్టు తనంతట తానే కిందికి దిగి తలుపు తీస్తుంది. టీచరమ్మ అమ్మకు ఆ మాట చాలా నెమ్మదిగా, ఎవరో పోయిన కబురు చెప్పినట్టు చెప్పారు.

"దీపం ఆర్పితె ఇడుస్తదట" అంది అమ్మ. "ఇడవకుంటె మానె."

నేను అన్ని తర్కాలూ వాడాను. జేబులో అగ్గిపెట్టె ఉంది, కింద దిగగానే వెలిగిస్తానన్నాను. మూడు నిమిషాలే గదా అన్నాను. ఎవరికి తెలుస్తుందన్నాను.

"నాకు తెలుస్తది గదరా."

ఆమె అన్నది అంతే. లోపల చెమట, నూనె పొగ, వేపాకు వాసన. అద్దంలో ముగ్గురం ఆరుగురమయ్యాం, గాలి మాత్రం ముగ్గురికి కూడా సరిపోయేలా లేదు. అప్పుడు నాకొకటి తట్టింది. అమ్మకొక నియమం ఉంది, ఆర్పదు. ఆ పెట్టెకొక నియమం ఉంది, తెరవదు. టీచరమ్మకు పది గంటల ప్రార్థన ఉంది. ఏ నియమమూ లేకుండా బ్రోచర్‌లో నవ్వును చూసి మోసపోయినవాణ్ని నేనొక్కణ్నే. అందుకేనేమో, నిజంగా ఇరుక్కున్నట్టు ఉన్నది నాకే.

కడుపుమంట కొద్దీ విదేశీ సరుకును తిట్టడం షురూ చేశాను. మన సంస్కృతి, మన జాతి, మన నేల అని పెద్ద పెద్ద మాటలు దొర్లించాను. టీచరమ్మ చీరకొంగుతో విసురుకుంటూ, తమ ముత్తాతకు ప్రభువు సంగతి చెప్పినాయన కూడా ఓడ దిగి వచ్చినవాడేనని నవ్వారు. అమ్మవారు ఉజ్జయిని నుంచి దండువాళ్ల వెంట వచ్చిందని అమ్మ అందుకుంది. ఊరికి పేరు పెట్టింది దండు. నేను తిట్టడానికి వాడుతున్న మాటల్లో సగం ఉర్దూ, పావు ఇంగ్లీషు. ఆ డబ్బాలో ఎక్కడో ఒకచోటి నుంచి రానివాళ్లు ఎవరూ లేరు.

"అందరొచ్చిండ్రు. వచ్చినోళ్లు జెర మన మాట నేర్చుకున్నరు, మన కూడు తిన్నరు" అంది అమ్మ. "గిదేమొ రోజూ నేను మాట్లాడుతున్నా, ఒక్క ముక్క నేర్వలే."

అంతలో బయట తలుపు మీద చప్పుడు. వాచ్‌మన్. లోపల ఎవరని అడుగుతున్నాడు. టీచరమ్మ క్లాసు చివరి బెంచీకి వినబడే గొంతుతో, పరిగెత్తుకెళ్లి చాచాను పిలుచుకురమ్మన్నారు. నేను వద్దన్నాను. ఏ మొహంతో పిలుస్తాం ఆయన్ని?

"శాలువ కప్పినవ్ గద. వస్తడు తియ్యి" అంది అమ్మ.

 అద్దంలో చూశాను. ఆమె మెడ నరాలు తాళ్లలా లేచాయి. కుండ అణువంత ఊగుతోంది, దానితోపాటు మంట, కప్పు మీద మంట నీడ. నేను చేతులు చాచాను. చేతుల్లో పెట్టుకుని ఎంతసేపు నిలబడతావంది. కుండ బరువు చేతులది కాదు, నెత్తిది.

"నెత్తి ఒంచు."

నా నెత్తి గురించి రెండు మాటలు. బట్టతల. వర్షం పడితే నీళ్లు ఎటు పోవాలో తెలియక ఆగే చోటు. నేను దేవుడి పనులన్నిటి మీదా జోకులేసేవాణ్ని, బోనాల మీద రెండు హాస్యవ్యాసాలు కూడా రాశాను. మా ఇంట్లో బోనమెత్తేది ఆడవాళ్లే. ఈ అభ్యంతరాలన్నీ చెప్పాలనుకున్నాను. కుండ ఒక పక్కకు ఒరగడం చూసి వంచాను. టీచరమ్మ బైబిలు చంకలో పెట్టుకుని, రెండు చేతులా కుండ పట్టి ఎత్తారు. అమ్మ తన నెత్తి మీది చుట్టబట్ట తీసి నా తల మీద గుండ్రంగా సర్దింది. కుండ దిగింది. హైదరాబాద్ రాష్ట్రం మొత్తం దిగినంత బరువు.

మొదట అరిచింది నేనే, లోలోపల. నెత్తి మీద వేడి, మెడ మీద ఇత్తడి, కళ్లముందు ఎర్రకన్ను. తల తిప్పలేను, వంచలేను, తుమ్మలేను. ముక్కు చివర దురద పుట్టింది. లిఫ్టులో ఇరుక్కున్నానని అనుకున్నాను కదా, అప్పటిదాకా విశాల మైదానంలో ఉన్నట్టే. అమ్మ గోడకు ఆనుకుని, చేత్తో మెడ పట్టుకుని, చాలాసేపటి తర్వాత ఊపిరి పీల్చుకుంది.

తలుపు పైభాగంలో కిర్రుమంది. సందు పడింది, సందులోంచి చాచా చెప్పులు కనబడ్డాయి. లిఫ్టు రెండో అంతస్తుకు నడుమెత్తు కిందన ఆగి ఉంది. ఆయన మోకాళ్ల మీద కూర్చుని లోపలికి తొంగిచూశాడు. చేతిలో మూడు మూలల కంత ఉన్న వంకర ఇనుప తాళం చెవి, జాలీ లిఫ్టు రోజుల నాటిది.

"పరేషాన్ గాకుండ్రి అమ్మా" అన్నాడు. తర్వాత నా నెత్తి చూశాడు. పాపం, నవ్వలేదు. ఆ చెవి దీనికెట్లా పట్టిందని అడిగాను.

"దునియా మొత్తానికి గిదే చెవి సాబ్. మీరు అడగలే, నేను చెప్పలే."

చాచా, వాచ్‌మన్, చప్పుడు విని చేరిన పొరుగువాళ్లు కలిసి టీచరమ్మను లాగారు, అమ్మను లాగారు. కుండను నలుగురి చేతుల మీదుగా పైకందుకుని పట్టుకున్నారు, నేల తాకనివ్వలేదు. నేను పాక్కుంటూ పైకెక్కి, దుమ్ము దులుపుకుని, అమ్మవైపు చూసి ఇక ఎత్తుకొమ్మన్నట్టు తల ఊపాను. ఆమె మెడ తిప్పలేకపోతోంది. ఒక చేత్తో మెడ పట్టుకునే, రెండో చేత్తో నా తల మీది చుట్టబట్ట సరిచేసింది.

"నా వంతు లిఫ్టులనే ఒడిసిందిరా" అంది. "నువ్వు పా."

విదేశీ నగరం పేరున్న టీషర్టు, జీన్సు, నెత్తి మీద బోనం. అలా రెండంతస్తుల మెట్లూ గుడ్డివాడిలా కాలితో తడుముకుంటూ దిగాను. మంట దూరమయ్యేసరికి లిఫ్టుకు ఆరోగ్యం కుదుటపడింది. మాకంటే ముందే కిందికి చేరి, తలుపులు బార్లా తెరిచి, పియానో వాయిస్తూ నిలబడి ఉంది. వందనాలు కూడా చెప్పింది, ఇంగ్లీషులో. అమ్మ దాని ముందు ఒక్క క్షణం ఆగి, "పోయొస్తం" అని జవాబిచ్చింది.

సందులోకి వచ్చాం. దూరంగా డప్పులు. టీచరమ్మ చర్చివైపు తిరుగుతూ, జాగ్రత్త నాయనా అన్నారు. నా వాలకం తలుచుకుంటే కడుపులోంచి నవ్వు పొర్లుకొస్తోంది. వెనక నుంచి అమ్మ నా టీషర్టు అంచు పట్టుకుంది.

"నవ్వకు. నవ్వితె దీపం ఊగుతది."

అలా గుడి దాకా, పెదవులు బిగించి నడిచాను.