చెలమ ఊరే దాకా

నా చిన్నప్పుడు మా వీధికి తాగేనీళ్లు స్వర్ణముఖి ఇసుకలోంచి వచ్చేవి. ఎండాకాలం ఏట్లో పారకం ఉండదు. ఇసుకను మోకాటి లోతు తవ్వి, మొదట వచ్చిన మడ్డినీళ్లు తోడి పారబోసి కాసేపు ఆగితే, అడుగున తేటనీళ్లు చేరతాయి. ఆ గుంటను చెలమ అంటాం. పక్కలు కూలకుండా చుట్టూ తంగేడు కొమ్మలు దోపేవాళ్లు. కొబ్బరిచిప్పతో ముంచి బిందెలో పోసుకోవాలి. ఒక బిందె నిండాక మళ్లీ నీళ్లు ఊరేదాకా తర్వాతి మనిషి కూర్చోవాలి. వీధి మొత్తానికి అదొక్కటే.

నాకు పదేళ్లప్పుడు వరసగా రెండేళ్లు వానల్లేవు. ఆ ఎండాకాలమే మా అక్క పుట్టింట్లో ప్రసవించింది. పదకొండో రోజు పురుడు. బాలింతకూ బిడ్డకూ స్నానం చేయించి ఇల్లు కడగాలి. రెండు బిందెలు తెమ్మని అమ్మ నన్ను తెలతెలవారుతుండగానే పంపింది. నేను వెళ్లేసరికి అక్కడ ఎవరూ లేరు. మొదటి బిందె సగమయ్యేసరికి చిప్ప ఇసుకను గీకడం మొదలుపెట్టింది. ఎండ వస్తోంది, ఇంట్లో అక్క ఎదురుచూస్తోంది. ఇంకా లోతు చేస్తే ఎక్కువ నీళ్లు వస్తాయనుకున్నాను. ఎవరో వదిలేసిపోయిన గడ్డపార పక్కనే ఉంటే, తీసుకుని రెండు పోట్లు పొడిచాను. అడుగునున్న జిగటమట్టి కదిలింది. తంగేడు కొమ్మలతో సహా ఒక పక్క జారి లోపల పడింది. మిగిలింది బురద.

అప్పుడే బిందెలతో ఆడవాళ్లు ఏట్లోకి దిగుతున్నారు. అందరికంటే ముందు వస్తున్నది మా పక్కింటి పెద్దమ్మ. మాకు చుట్టం కాదు, గోడ అవతలి మనిషి. గుంటను చూసింది, నన్ను చూసింది, నా చేతిలోని గడ్డపార తన చేతిలోకి తీసుకుంది.

"ఎవురే ఈ పని చేసినేది? మా ఇంట్లో గుక్కెడు నీళ్లు లేవు!" అని వెనకనుంచి ఒకామె అరిచింది.

"నేనే, లోతు చేద్దామని పొడిస్తి. తిట్టేదేదో తొందరగా తిట్టండమ్మా, పని ఉండాది" అంది పెద్దమ్మ.

తిట్టారు. వయసొచ్చేకొద్దీ బుద్ధి యాడికి పోయింది వొదినా అని ఒకామె అడిగితే, "ఈ ఇసకలోనే పడిపోయినాది, ఎతుకుతా ఉండా" అంది. ఒకరిద్దరికి నవ్వొచ్చింది. తర్వాత అందరూ కలిసి పది అడుగుల అవతల కొత్త చెలమ తవ్వారు.

అది అయ్యాక పెద్దమ్మ నన్ను పక్కకు పిలిచి, మెల్లగా అంది. "పాతాళం దాంకా పోయి ఏం చేస్తావు పాపా? ఆడ మీ మేనమామ ఏమన్నా ఉండాడా? తవ్వితే రావు నీళ్లు. ఊరితే వస్తాయి. కూచో." నా చేతికి చిప్ప ఇచ్చింది. వచ్చిన ప్రతి బిందెకూ నేనే ముంచి పోయాలి, మా బిందెలు అందరికంటే చివర పెట్టాలి.

శిక్ష అనుకున్నాను. ఏడుపు ఆపుకుంటూ కూర్చున్నాను. చేసేదేమీ లేక గుంటలోకే చూశాను. ముందు ఇసుక రంగు మారుతుంది. తర్వాత అంచుల్లో తడి మెరుస్తుంది. తొందరపడి చిప్ప పెడితే మడ్డి లేస్తుంది, ఆగితే అడుగు కనపడేంత తేట. నాలుగైదు బిందెలు నిండేసరికి ఎంతసేపు ఆగాలో నా చేతికే తెలిసిపోయింది. అంతకుముందు ఎన్నో ఏళ్లుగా ఆ నీళ్లు తాగుతున్నాను గానీ అవి రావడం ఎప్పుడూ చూడలేదు.

మధ్యాహ్నానికి మా బిందెలు నిండాయి. ఇంటికి వెళితే అక్క స్నానం అప్పటికే అయిపోయింది. పెద్దమ్మ తన కడవలో దాచుకున్న నీళ్లన్నీ తెచ్చి అమ్మకు పోసి వెళ్లిందట. చెలమ కూల్చింది నేనని అమ్మకు కూడా చెప్పలేదు. ఆమె ఎవరికీ చెప్పలేదు. ఇది రాసేదాకా నేనూ చెప్పలేదు.

తర్వాత మా ఏటి ఇసుక లారీలకెక్కి పోయింది. చెలమ తవ్వడానికి చోటే లేదు. ఇప్పుడు నేనుండేది తిరుపతిలో, అపార్ట్‌మెంట్లో. ఒక ఎండాకాలం మా బోరులో నీళ్లు తగ్గిపోతే, ఇంకో మూడు వందల అడుగులు దించుదామని అందరూ అన్నారు. రాత్రంతా మోటారు ఆపి, పొద్దునకు ఎంత ఊరుతుందో ముందు చూద్దామన్నాను. ఊరిన దాన్నే గంటల లెక్కన వంతులు వేసుకున్నాం, మా అంతస్తు చివర. ఇబ్బంది పడ్డాం గానీ ఆ ఏడు గడిచింది. ఆ మాట నాది కాదని వాళ్లకు తెలియదు.

పెద్దమ్మ నిరుడు పోయింది. ఊరికి వెళ్లాను. చివరి స్నానానికి ఆడవాళ్లు తలా ఒక చెంబు పోస్తున్నారు. దగ్గరిదానివి, ముందు నువ్వు పొయ్యమ్మా అన్నారు. నేను అందరూ పోసేదాకా ఆగాను.